అండమాన్ అందాన్ని కట్టిన ప్రాణులను కూడా చూపండి

సంపాదకులు గారికి,

నమస్కారం. సెలవులు దగ్గరపడే కొద్దీ తెలుగు పత్రికల విహార పేజీల్లో, మీ పత్రికలో కూడా, అండమాన్ దీవుల మీద వ్యాసాలు తరచుగా వస్తున్నాయి. ఏ దీవిలో ఎన్ని రాత్రులు ఉండాలి, ఏ పడవ ఎక్కాలి, నీటి ఆటలకు ఎంత ఖర్చవుతుంది అన్న వివరాలు వాటిలో ఉంటున్నాయి. వెళ్లేవారికి అవి అవసరమే. అయితే శ్రీకాకుళం జిల్లా తీరంలో పుట్టి, ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పి విరమించిన నాకు ఆ వ్యాసాలన్నింటిలోనూ ఒకే లోటు కనిపిస్తోంది. తెల్లని ఇసుక, అడుగు కనిపించే నీరు, అలల తాకిడి లేని రేవు అని వర్ణిస్తున్నారే గాని, ఈ మూడింటినీ అక్కడి ప్రాణులే తయారు చేసి నిలబెడుతున్నాయన్న సంగతి ఎక్కడా రాయడం లేదు. ఆ సంగతి తెలియకుండా వెళ్లిన మనిషికి తాను దేని మీద కాలు మోపుతున్నాడో, దేని మీద లంగరు వేయిస్తున్నాడో తెలిసే అవకాశం లేదు. అందుకే కొంచెం పొడవైనా ఈ ఉత్తరాన్ని ప్రచురించమని కోరుతున్నాను.

అండమాన్ మనకు పరాయి చోటేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల ప్రజల్లో సుమారు 13 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ రేవు దగ్గర తెల్లవారుజామున నిలబడితే, వేట నుంచి తిరిగొచ్చిన పడవల మీద మన ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది. మా మేనమామ గారి కుటుంబం కూడా అలా వెళ్లి అక్కడే స్థిరపడింది. విశాఖపట్నం నుంచి ప్రయాణికుల నౌకలో మూడు రోజులు ప్రయాణించి మొదటిసారి వారి ఇంటికి వెళ్లిన నాటి నుంచి, ఈమధ్య విమానంలో వెళ్లిన వరకు, ఆ దీవులను ఐదుసార్లు చూశాను. నౌకలో వెళ్లడం నాకు మేలే చేసింది. తీరపు బురద నీరు దాటి సముద్రం గాఢమైన నీలంలోకి తిరగడం, ఎగిరే చేపలు గుంపులుగా నౌక పక్కన లేవడం, చివరి రోజు ఉదయం దట్టమైన అడవితో నల్లగా ఉన్న కొండల వరుస నీటిలోంచి పైకి రావడం ఒకదాని తర్వాత ఒకటి చూసినప్పుడు, ఇది సగం మునిగిన ఒక పర్వత శ్రేణి అని పాఠం చెప్పకుండానే అర్థమైంది. మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండలే సముద్రం కింద దక్షిణానికి సాగి ఇక్కడ దీవులుగా పైకి తేలాయి. ఉత్తర అండమాన్‌లో 732 మీటర్ల ఎత్తున్న శాడిల్ పీక్ ఆ శ్రేణికి శిఖరం.

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు ఆ రేవుల్లో విదేశీ తెరచాప పడవలు కూడా కనిపిస్తాయి. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ నుంచి సుమారు 400 నాటికల్ మైళ్ల దూరాన్ని అవి ఈశాన్య గాలిని పక్కవాటుగా పట్టి దాటుతాయి. నైరుతి ఋతుపవనం తిరిగాక ఆ సముద్రం సరదా ప్రయాణాలకు లొంగదు. పోర్ట్ బ్లెయిర్‌లో అనుమతులు తీసుకున్న తర్వాత వారు ఎక్కువగా తిరిగేది తూర్పున ఉన్న రిచీ ద్వీపసమూహంలో. మన యాత్రికులు వెళ్లే హావ్‌లాక్, నీల్ దీవులు, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్ అని పేర్లు మారినవి, ఆ సమూహంలోనివే. తెరచాప పడవలో వచ్చినా, మన మోటారు పడవలో వచ్చినా అందరూ వెతుక్కునేది ఆ తెల్ల ఇసుకనూ ఆ నిశ్చలమైన నీటినే కాబట్టి, నేను చెప్పదలచుకున్నదాన్ని ఇసుకతోనే మొదలుపెడతాను.

మా భావనపాడు ఒడ్డునా, మీ భీమిలి ఒడ్డునా ఉన్న ఇసుక కొండల నుంచి వచ్చినది. తూర్పు కనుమల రాళ్లు అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి, గోధుమరంగు ఇసుకగా, నడుమ నల్లటి ఇల్మనైట్ చారలతోనూ ఎర్రటి గార్నెట్ చారలతోనూ మన తీరంలో పరుచుకుంది. హావ్‌లాక్ తీరపు తెల్ల ఇసుకలో చాలా భాగానికి కొండలతో సంబంధం లేదు. అది పగడాల నుంచి, గవ్వల నుంచి, సున్నపు పెంకు కట్టుకునే సూక్ష్మజీవుల నుంచి వచ్చింది. పగడం అనేది మనలో చాలామంది అనుకున్నట్టు రాయో మొక్కో కాదు. గోరంత కూడా లేని మెత్తటి జంతువు తన చుట్టూ సున్నపురాతి గిన్నె కట్టుకుని, లక్షల సంఖ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని బతికితే, అలాంటి తరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే, పగడపు దిబ్బ అవుతుంది. చిలుక ముక్కు లాంటి గట్టి నోరున్న పారట్‌ఫిష్‌లు ఆ దిబ్బను కొరికి, అందులోని నాచును జీర్ణించుకుని, మిగిలిన సున్నాన్ని మెత్తటి ఇసుకగా విసర్జిస్తాయి. పెద్ద జాతి పారట్‌ఫిష్ ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుకను ఇలా తయారు చేయగలదు. రాధానగర్ తీరంలో మన పిల్లలు ఇసుకతో గూళ్లు కడుతున్నప్పుడు వారి చేతుల్లో ఉన్నది ఆ చేపల, ఆ పగడాల కష్టమే. ఈ మాట నేను బడిలో చెబితే పిల్లలు మొదట నవ్వేవారు, ఆ తర్వాత ప్రశ్నలు ఆపేవారు కారు.

ఇక నీటి స్వచ్ఛత. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. మా జిల్లాలో పడేదానికి అది రెండింతలకు పైనే. అంత వాన నిటారైన కొండల మీద పడుతున్నా సముద్రం బురద కాకుండా ఉంటోందంటే కారణం అడవి. దీవుల విస్తీర్ణంలో ఎనభై శాతానికి పైగా ఇంకా అడవి కింద ఉంది. ఎర్రటి చేవ ఉన్న పడౌక్, తెల్లటి మాను గర్జన్ చెట్లు వానను ఆకుల మీదే ఆపి, మెల్లగా నేలకు దింపుతాయి. అక్కడి నుంచి జారిన ఒండ్రును ఉప్పుటేర్ల ఒడ్డున మడ అడవులు పట్టి ఉంచుతాయి. దేశంలో పశ్చిమ బెంగాల్, గుజరాత్‌ల తర్వాత మడ అడవి ఎక్కువగా ఉన్నది ఇక్కడే, సుమారు 600 చదరపు కిలోమీటర్లు. బారాటాంగ్ దీవిలో సున్నపురాతి గుహలకు వెళ్లే దారిలో పడవ ఒక ఇరుకైన ఉప్పుటేరులోకి తిరుగుతుంది. రెండు వైపుల నుంచి మడచెట్ల కొమ్మలు తలల మీద కలుసుకుని, గోడల్లా పెనవేసుకున్న ఊడవేళ్ల మధ్య నీడ పచ్చగా మారిపోయే ఆ దారిని నేను మరిచిపోలేను. కాకినాడ దగ్గర కోరంగిని చూసినవారికి ఆ చెట్లు చుట్టాల్లాగే అనిపిస్తాయి. అయితే కోరంగిలో ఉండే నీటి పిల్లీ నీటికుక్కా అక్కడ ఉండవు. వాటికి బదులు ఉప్పునీటి మొసలి ఉంటుంది. బతికి ఉన్న సరీసృపాల్లో అన్నింటికంటే పెద్దది అదే. 2010లో హావ్‌లాక్ దగ్గర ఒక విదేశీ యాత్రికురాలు మొసలి దాడిలో చనిపోయారు. చేపల, కోళ్ల వ్యర్థాలను ఏట్లో పారబోసే అలవాటు మొసళ్లను మనుషుల దగ్గరికి రప్పిస్తుంది కాబట్టి, హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీటిలో దిగవద్దని యాత్రికులకు చెప్పడం ఎంత అవసరమో, వ్యర్థాలు పారబోయవద్దని హోటళ్లకు చెప్పడం కూడా అంతే అవసరం.

మూడోది రేవు నిశ్చలత, నా అసలు బాధ కూడా ఇక్కడే ఉంది. బంగాళాఖాతం నుంచి వచ్చే పెద్ద అల పగడపు దిబ్బ అంచున విరిగిపోతుంది. దాని వెనుక ఉన్న నీరు చెరువులా ఉండడం వల్లనే అక్కడ పడవలు ఆగగలుగుతున్నాయి. అంటే ఏ గోడ నీడన పడవ ఆగుతుందో, ఆ గోడ మీదే లంగరు పడుతోంది. కొన్నేళ్ల క్రితం మా బావతో కలిసి ఒక అద్దె పడవలో వెళ్లినప్పుడు, నీటి కింద కొమ్మలు కొమ్మలుగా విచ్చుకున్న పగడాల మధ్యలోకి పడవ కుర్రాడు లంగరు వదలడం నేను కళ్లారా చూశాను. గాలికి పడవ తిరిగే కొద్దీ గొలుసు అర్ధచంద్రాకారంలో అన్నింటినీ విరుచుకుంటూ పోయింది. అతను మన తెలుగు కుర్రాడే. నేను బాధపడుతుంటే, "రాయే కదా మాస్టారూ, ఏమవుతుంది?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. అది ప్రాణి అని అతనికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. గుండ్రని పగడం ఏడాదికి ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా పెరుగుతుంది, కొమ్మల పగడం అంతకంటే వేగంగా పెరిగినా కొన్ని సెంటీమీటర్లే. ఆ మధ్యాహ్నం గొలుసు విరిచినది అతని వయసుకు సమానమైన పెరుగుదల అని చెప్పాక ఆ కుర్రాడు లంగరు ఎత్తి, ఇసుక నేల వెతికి వేశాడు. అతని పని మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలు అతనికి ముందే ఎవరైనా కేటాయించి ఉండాల్సింది.

పగడాలకు లంగరు ఒక్కటే శత్రువు కాదన్నది నిజమే. పగడపు జీవి ఒంట్లో ఉండే సూక్ష్మమైన శైవలాలు, అంటే నాచు జాతి జీవులు, దానికి ఆహారాన్నీ రంగునూ ఇస్తాయి. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, ఆ బంధం తెగి పగడం తెల్లబోతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున అలా తెల్లబడి, చాలా చోట్ల చచ్చిపోయాయి. సముద్రపు వేడిని రేవులోని పడవ నడిపేవాడు తగ్గించలేడు గాని, వేడి దెబ్బ నుంచి కోలుకుంటున్న దిబ్బ మీద లంగరు పడకుండా మాత్రం ఆపగలడు. అందుకు వేరే దేశాల్లో ఉన్న ఏర్పాటు చాలా చిన్నది: ఇసుక నేలలో శాశ్వతంగా దిమ్మ పాతి, దానికి తేలే బుడ్డిని కట్టి ఉంచుతారు, వచ్చిన పడవ లంగరు వేయకుండా ఆ బుడ్డికే తాడు కట్టుకుంటుంది. హావ్‌లాక్, నీల్ దగ్గర యాత్రికుల పడవలు ఆగే ప్రతి చోటా, విదేశీ తెరచాప పడవలు ఆగే ప్రతి చోటా వీటిని ఏర్పాటు చేసి, వాటిని వాడడం తప్పనిసరి చేయాలని నా కోరిక. నియమం పెడితే జనం పాటించరన్న వాదనను నేను ఒప్పుకోను. వండూరు దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ తీసుకువెళ్లనివ్వరు. ఏడాదిలో కొన్ని నెలలు ఆ దీవిని మూసి, రెడ్‌స్కిన్ అనే మరో దీవిని తెరుస్తారు. మన యాత్రికులే ఆ నియమాన్ని చక్కగా పాటిస్తున్నారు, నేను చూశాను.

ఈ గోడలన్నీ ఎంత సున్నితమైనవో 2004 డిసెంబరు 26న తెలిసింది. సునామీ అల గురించి అందరికీ గుర్తుంది. 9.1 తీవ్రత గల ఆ భూకంపం దీవులనే ఒరిగించిందన్న సంగతి తక్కువమందికి తెలుసు. ఉత్తర అండమాన్ వైపు నేల పైకి లేచింది, దక్షిణాన దిగిపోయింది. ఇంటర్‌వ్యూ దీవి పడమటి ఒడ్డున నీటి కింద ఉండాల్సిన పగడపు దిబ్బలు గాలిలోకి వచ్చి ఎండిపోయాయి. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, అక్కడి దీపస్తంభం పాదాలు నీటిలో మునిగాయి. పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్‌లో వరి పొలాలు సుమారు ఒక మీటరు దిగి, ఉప్పునీటి చిత్తడిగా మారాయి. పొలాలు పోయిన కుటుంబాల కష్టాన్ని నేను తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ నేను చివరిసారి వెళ్లినప్పుడు ఆ నీటి అంచుల్లో మడ మొక్కలు వాటంతట అవే లేచి ఉన్నాయి, కొంగల మధ్య కంటి చుట్టూ తెల్ల మచ్చలున్న అండమాన్ బాతులు మేస్తున్నాయి. ఎవరూ నాటని ఆ మడ మొక్కలను చూస్తూ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

అడవి లోపలి ప్రాణుల సంగతి కూడా యాత్రికులకు చెప్పాలి. అండమాన్ అడవుల్లో పులి లేదు, చిరుత లేదు, సహజంగా పుట్టిన కోతి కూడా లేదు. గబ్బిలాలు, చుంచులు, పునుగుపిల్లి, అడవిపంది వంటి కొద్ది జంతువులే సొంతం. వేటాడే పెద్ద జంతువు లేని అడవిలో పక్షులు తమ దారిన తాము మారుతూ వచ్చాయి. అండమాన్ నల్ల వడ్రంగి పిట్ట, అండమాన్ పాముల గద్ద ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. నార్కాండమ్ అనే చల్లారిన అగ్నిపర్వతపు దీవి ఏడు చదరపు కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆ ఒక్క దీవిలోనే బతికే హార్న్‌బిల్ జాతి ఒకటుంది. ఆడపక్షి చెట్టు తొర్రలోకి వెళ్లి, చిన్న చీలిక తప్ప ద్వారమంతా మూసుకుని గుడ్లు పొదుగుతుంటే, మగపక్షి అత్తిపండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. ఆ దీవిలో అత్తిచెట్లు పోతే ఆ పక్షికి వెళ్లడానికి మరో చోటు లేదు. దానికి దక్షిణంగా, పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, బ్యారన్ దీవిలో దేశంలోని ఒకే ఒక సజీవ అగ్నిపర్వతం ఉంది. నూట యాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. దాన్ని పడవలోంచే చూడాలి. మరోవైపు బ్రిటిష్ వారు తెచ్చి వదిలిన చుక్కల జింకలు, వేటాడే జంతువు లేక పెరిగిపోయి, అడవిలో లేత మొలకలను మేసేస్తున్నాయి. రాస్ దీవిలో యాత్రికులు ముచ్చటపడి బిస్కెట్లు పెట్టేది ఈ జింకలకే. వాటి తప్పు ఏమీ లేదు గాని, బయటి ప్రాణిని దీవికి తేవడం అంటే ఏమిటో చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

సముద్రంలోని సంగతికి వస్తే, ఆ దీవుల రాష్ట్ర జంతువు డుగాంగ్. సముద్రపు ఆవు అని మన పుస్తకాల్లో రాసే ఈ జంతువు లోతు తక్కువ నీటిలో మొలిచే సముద్రపు గడ్డిని మేసి బతుకుతుంది. మూడు నుంచి ఏడేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. అంత నెమ్మదిగా పెరిగే జాతిలో ఒక తల్లి మోటారు రెక్క తగిలో, వలలో చిక్కో చనిపోతే ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది. గడ్డి మైదానాల మీద పడవ వేగం తగ్గించమని చెప్పడం వల్ల ఎవరి జీవనోపాధీ పోదు.

తాబేళ్ల మాట మా తీరం వారికి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఏటా ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టడానికి మా ఒడ్డుకు వస్తాయి, కొన్ని చచ్చి కొట్టుకొస్తాయి. అండమాన్ తీరాల్లో ఆలివ్ రిడ్లేతో పాటు ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ కూడా గుడ్లు పెడతాయి. గట్టి చిప్పకు బదులు తోలు వంటి వీపు ఉండే లెదర్‌బ్యాక్ అర టన్ను దాకా తూగుతుంది, జెల్లీ చేపలు తిని బతుకుతుంది. లిటిల్ అండమాన్‌లో గుడ్లు పెట్టిన లెదర్‌బ్యాక్‌ల వీపుకు ఉపగ్రహ పరికరాలు అమర్చి మన శాస్త్రవేత్తలు గమనిస్తే, కొన్ని ఆస్ట్రేలియా పశ్చిమ తీరం వైపు, కొన్ని ఆఫ్రికా తూర్పు తీరం వైపు వెళ్లాయి. రెండు ఖండాల మధ్య తిరిగే ప్రాణి గుడ్లకు ఎంచుకునే తీరాలు కొన్నే. వాటిలో ముఖ్యమైనది గ్రేట్ నికోబార్‌లోని గలాథియా అఖాతం. ఆ అఖాతానికి ఉన్న అభయారణ్య హోదాను 2021 జనవరిలో తొలగించారు. అక్కడ పెద్ద ఓడరేవు, దీవిలో సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవి స్థానంలో పట్టణం, విమానాశ్రయం కట్టడానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. దేశానికి ఓడరేవులు కావాలన్న వాదన నాకు అర్థమవుతుంది. తాబేలు గుడ్లు పెట్టే ఆ ఇసుక మీదే కట్టాలన్నది నాకు అర్థం కావడం లేదు, దాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను.

ఒక్క విషయం క్లుప్తంగా. దక్షిణ, మధ్య అండమాన్‌ల పడమటి వైపు అడవి ఇంత నిండుగా మిగలడానికి కారణం అది అక్కడి ఆదివాసులైన జారవాల అడవి కావడమే. వారి ఫొటోలు తీయడం, వారికి ఏమైనా ఇవ్వడం నేరం. బారాటాంగ్ వెళ్లాలనుకునేవారు వారి అడవిని చీల్చుకుపోయే రోడ్డును వదిలి సముద్ర మార్గంలో వెళ్లమని మీ పత్రిక సూచించాలి.

సంపాదకులు గారూ, మీ విహార పేజీలో అండమాన్ గురించి ఈసారి రాసేటప్పుడు ఇసుక ఎలా వచ్చిందో ఒక పేరా రాయించండి. పగడపు ముక్క, గవ్వ ఏరి తేవడం వన్యప్రాణి చట్టం కింద శిక్షకు దారి తీయవచ్చని, విమానాశ్రయంలో సంచులు తనిఖీ చేస్తారని కూడా రాయించండి. అండమాన్ పరిపాలన వారికి నా విన్నపం: జంగ్లీఘాట్‌లో పడవలు నడిపే మన తెలుగు పిల్లలకు ఏటా సీజన్ మొదలయ్యే ముందు, అక్టోబరులోనో నవంబరులోనో, పగడాల గురించి, డుగాంగ్ గురించి, తాబేళ్ల గురించి తెలుగులోనే రెండు రోజుల శిక్షణ పెట్టండి. లంగరు ఎత్తి ఇసుక నేల మీద వేసిన ఆ కుర్రాడు ఇప్పుడు సొంత పడవ నడుపుతున్నాడని మా బావ చెప్పాడు. అతని పడవ ఎక్కిన ప్రతి కుటుంబానికీ పగడం రాయి కాదని ముందుగా చెప్పి, తర్వాతే నీటిలోకి దింపుతాడట. అలాంటి శిక్షణ పెడితే పాఠ్యాంశాలు తెలుగులో రాసి ఇవ్వడానికి, నా ఖర్చులతో వెళ్లి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా